ఛాయాచిత్రంలో పొందిక

రేడియోలో ఛాయాచిత్రాలను గురించి ప్రసంగించడం కొంత విడ్డూరంగా తోచవచ్చును. కంటికి చూపవలసిన వస్తువును చెవికి చెప్పడమేమిటని మీరు అడుగవచ్చును. కాని ఫోటో తీయడంలోని మొదటి పాఠం నాకు మైక్రోఫోనే నేర్పింది. కనుక అక్కడినుంచే మొదలుపెడతాను.

ఒక పల్లెకు వెళ్ళి, ఒక వృద్ధ గాయకుని పాటను రికార్డు చేస్తున్నామనుకోండి. ఎదుట కూర్చున్న మనకు ఆయన పాట తప్ప వేరొకటి వినిపించదు. తీరా స్టూడియోకు తిరిగివచ్చి విని చూస్తే, పాటతోపాటు పంఖా చప్పుడు, పెరటిలో కోడి కూత, వీధిలో పోయిన మోటారు సైకిలు మోత అన్నీ సమానంగా వినిపిస్తాయి. అవన్నీ అప్పుడూ ఉన్నవే. మన చెవి తనకు కావలసినదానిని ఏరుకొని తక్కినవాటిని విడిచిపెట్టింది. మైక్రోఫోనుకు ఏరుకోవడం తెలియదు. కెమేరా సంగతీ సరిగా ఇంతే. కన్ను ఏరుకొంటుంది, కెమేరా ఉన్నదంతా పట్టుకొంటుంది. ఆ ఏరుకొనే పనిని కెమేరా తరఫున మనం చేసిపెట్టడాన్నే ఛాయాగ్రాహకులు కూర్పు అంటారు. పొందిక అన్నా తప్పు లేదు.

ఈ సంగతి తెలియక నేను చేసిన పొరపాటు ఒకటి చెబుతాను. 2003 గోదావరి పుష్కరాలకు మా అమ్మమ్మను రాజమహేంద్రవరం తీసుకువెళ్ళాను. అప్పుడు నేను విద్యార్థిని. స్నేహితుని వద్ద ఎరువు తెచ్చుకొన్న కెమేరాలో ముప్పయ్యారు బొమ్మల రీలు ఒకటి ఉన్నది. స్నానం ముగించి, తడి జుట్టు ముడి వేసుకొని, అమ్మమ్మ పుష్కరఘాటు మెట్ల మీద నిలబడింది. నాకు అమ్మమ్మా కావాలి, గోదావరీ కావాలి, ఆర్చి వంతెనా కావాలి, ఆ జనసముద్రమూ కావాలి. వెనక్కు నడిచాను, ఇంకా వెనక్కు నడిచాను. “అంత దూరం పోతున్నావేమిరా, నేను కనబడతానా?” అని అమ్మమ్మ కేక వేసింది. “అన్నీ పడతాయి అమ్మమ్మా” అన్నాను.

అన్నీ పడ్డాయి. మరుసటి సంవత్సరం ఆమె కాలం చేసినప్పుడు, పటం కట్టించడానికి ఇంటిలో వెదికితే ఆమె ఒంటరిగా ఉన్న ఫోటో అది ఒక్కటే దొరికింది. స్టూడియోకు తీసుకువెళ్ళి, అమ్మమ్మ ముఖం వరకు పెద్దది చేయమన్నాను. ఆయన భూతద్దంతో నెగెటివును చాలాసేపు చూశాడు. “మీరు గోదావరిని తీశారు బాబూ, అమ్మమ్మగారిని తీయలేదు” అన్నాడు.

ఆయన మాటలోని నిజాన్ని లెక్క కట్టి చూడవచ్చును. ఆ రీలులో ఒక్కొక్క బొమ్మ 36 మిల్లీమీటర్ల వెడల్పు, 24 మిల్లీమీటర్ల ఎత్తు ఉంటుంది. నా చిత్రంలో అమ్మమ్మ నిలువెత్తు ఆ ఎత్తులో పదవ వంతు, అంటే 2.4 మిల్లీమీటర్లు. మనిషి నిలువెత్తులో తల దాదాపు ఏడవ వంతు. కాబట్టి ఆమె ముఖానికి దక్కినది మిల్లీమీటరులో మూడవ వంతు మాత్రమే. అంత చుక్కలోనుంచి ఆమె కన్నులను, నవ్వును ఎవరు మాత్రం పైకి తీయగలరు? పైగా ఆమె వెనుక ఉన్న దీపస్తంభం సరిగా ఆమె తలలోనుంచి మొలిచినట్లు పడింది.

ఆ దీపస్తంభం నాకు ఆనాడు ఎందుకు కనబడలేదు? మన కంటిలో స్పష్టంగా చూడగల భాగం చాలా చిన్నది. చేయి చాచి పట్టుకొన్న బొటనవేలి గోరంత మేర మాత్రమే మనకు ఒక్కసారికి తేటగా కనబడుతుంది. కన్ను అటూ ఇటూ కదులుతూ, మనస్సు కోరిన తావులను తడుముతూ పోతుంది. నా మనస్సు ముఖం మీద ఉన్నది కనుక స్తంభాన్ని కన్ను పట్టించుకోలేదు. అంతేగాక మనకు రెండు కన్నులు ఉండడంచేత స్తంభం దూరంగా ఉన్నదనీ, మనిషి దగ్గరగా ఉన్నదనీ తెలుస్తూనే ఉంటుంది. ఒంటికంటి కెమేరాకు ఈ ఎడం తెలియదు. ముందున్నదానిని, వెనుకనున్నదానిని ఒకే కాగితం మీద అంటిస్తుంది. అందుచేత ఫోటో తీయబోయే ముందు ఒక కన్ను మూసి చూడండి. తలమీద మొలిచిన స్తంభాలు, చెవిలోనుంచి వచ్చిన కొమ్మలు, మెడను అడ్డంగా కోసే గోడ అంచులు అప్పుడు మీకే కనబడతాయి. వాటిని తప్పించడానికి పెద్ద ప్రయాస అక్కరలేదు. మీరు అర అడుగు పక్కకు జరిగితే చాలు. లేదా కొంచెం వంగితే చాలు.

ఇక క్రమంగా ఒక్కొక్క మెలకువను చూద్దాము.

అన్నిటికంటె ముందు, “ఈ చిత్రం దేనిని గురించి?” అని మిమ్మల్ని మీరే ప్రశ్నించుకోవాలి. సమాధానం ఒక్క మాటలో రావాలి. అమ్మమ్మ అని వస్తే అమ్మమ్మ దగ్గరకు నడవండి. గోదావరి అని వస్తే గోదావరిని తీయండి. రెండూ కావాలంటే రెండు ఫోటోలు తీయండి. ఈనాడు ఫోను ఉన్నవారికి రీలు ఖర్చు లేదు కనుక ఇది మరీ సులభం. దగ్గరకు పోవడానికి బదులు తెరమీద వ్రేళ్ళతో బొమ్మను సాగదీసే అలవాటు చాలామందికి ఉన్నది. ఫోనులో దూరపు వస్తువుల కోసం వేరే కటకం ఉంటే సరే. లేనప్పుడు ఆ సాగదీత చాలామేరకు బొమ్మను కత్తిరించి పెద్దది చేయడమే. కాళ్ళు ఉండగా కత్తెర ఎందుకు? అయితే ముఖం దగ్గరకు మరీ చొచ్చుకు పోరాదు. ఫోనులోని ప్రధాన కటకం సాధారణంగా విశాలమైన మేరను చూసేది. మూరెడు దూరంలో పట్టుకొంటే కెమేరాకు దగ్గరగా ఉన్న ముక్కు పెద్దదిగా, దూరంగా ఉన్న చెవులు చిన్నవిగా పడతాయి. నాలుగైదు అడుగుల దూరంలో ఉంటే ముఖం తన సహజమైన తీరులో ఉంటుంది.

రెండవది, ముఖ్య వస్తువును ఎక్కడ ఉంచాలన్న ప్రశ్న. కొత్తవారందరూ దానిని చట్రానికి నట్టనడుమ ఉంచుతారు. మన ఇండ్లలో ముగ్గు వేసే స్త్రీలు ముందుగా చుక్కలు పెట్టుకొంటారు. గీత ఎటు పోవాలో ఆ చుక్కలు చెబుతాయి. ఫోటో చట్రానికి కూడా అట్టి చుక్కలు ఉన్నవి. చట్రాన్ని అడ్డంగా రెండు గీతలతోను, నిలువుగా రెండు గీతలతోను మూడేసి సమభాగాలు చేస్తే, ఆ గీతలు నాలుగు తావుల కలుసుకొంటాయి. ముఖ్య వస్తువు ఆ నాలుగింటిలో ఒక తావున గాని, దాని దాపున గాని ఉంటే చిత్రానికి ఒక చలనం వస్తుంది. జాన్ థామస్ స్మిత్ అనే ఆంగ్లేయ చిత్రకారుడు 1797లో ప్రచురించిన గ్రంథంలో దీనికి ‘మూడవ వంతుల సూత్రం’ అని పేరు పెట్టాడు. ఛాయాగ్రహణ విద్య లోకానికి వెల్లడైన 1839కి అది నలభై రెండేళ్ళ ముందటి మాట. ఈనాటి ఫోన్లలో ఈ గీతలను తెరమీదకు తెప్పించుకొనే వీలు ఉన్నది. కెమేరా అమరికలలో వెదికితే దొరుకుతుంది.

నీరు, నింగి కలిసే గీతకు కూడా ఈ సూత్రమే వర్తిస్తుంది. గోదావరి ఒడ్డున నిలబడి, ఆ గీతను సరిగా మధ్యకు తెస్తే, చిత్రం నీటికీ ఆకాశానికీ చెరిసగం పంచి ఇచ్చినట్లు ఉంటుంది. చూసేవారికి దేనిని చూడాలో తోచదు. సాయంకాలపు మేఘాలు అందంగా ఉంటే రెండు వంతులు ఆకాశానికి ఇవ్వండి. ఆకాశం వెలవెలబోతూ నీటిమీద పడవలు ఉంటే రెండు వంతులు నీటికి ఇవ్వండి. ఏది చేసినా ఆ గీత పక్కకు ఒరగకుండా చూసుకోండి. ఒరిగిన చిత్రంలో గోదావరి ఒక పక్కకు ఒలికిపోతున్నట్లు ఉంటుంది.

ఇది సూత్రమే గాని శాసనం కాదు. చార్మినారు వంటి కట్టడాన్ని చూడండి. 1591 నాటి ఆ కట్టడానికి నాలుగు వైపులా నాలుగు కమానులు, నాలుగు మూలలా నాలుగు మీనారులు. ఎడమ ఎంతో కుడి అంత. దానిని తూచినట్లు నిలపడమే కట్టినవారి ఉద్దేశం. దానిని పక్కకు నెట్టడంకంటె నడుమ నిలపడమే న్యాయం. కోనేటిలో తలకిందులుగా కనబడే గోపురానికి కూడా అంతే. అట్టి చోట ఒక్క అంగుళం తేడా కూడా లేకుండా సరిగా నడుమ నిలబడాలి. నడుమ ఉంచితే మనఃపూర్వకంగా ఉంచాలి గాని, తెలియక ఉంచరాదు.

మూడవది ఖాళీ స్థలం. పెండ్లి భోజనంలో విస్తరి వేసినప్పుడు పప్పుకు, కూరకు, పచ్చడికి, పిండివంటకు వేర్వేరు తావులు ఉంటాయి. నడుమ అన్నానికి చోటు విడిచిపెడతారు. ఆ ఖాళీని చూసి విస్తరి వెలితిగా ఉన్నదని ఎవరూ అనరు. ఫోటోలో కూడా కొంత ఖాళీ విడవాలి. మనిషి కుడివైపు చూస్తుంటే కుడివైపు, పడవ ఎడమవైపు సాగుతుంటే ఎడమవైపు చోటు ఉండాలి. ఆ చోటు లేకపోతే మనిషి గోడను చూస్తున్నట్లు, పడవ చట్రానికి కొట్టుకోబోతున్నట్లు ఉంటుంది. తలపైన మాత్రం అనవసరమైన ఖాళీ విడవవద్దు. చాలామంది ముఖాన్ని సరిగా నడుమ ఉంచడంవలన పైసగమంతా గోడ లేదా ఆకాశం ఆక్రమించుకొంటుంది. పాదాలో, మోకాళ్ళో తెగిపోతాయి. నిలువెత్తు తీయదలిస్తే పాదాలు పూర్తిగా ఉండాలి. లేదంటే నడుము దగ్గరో, రొమ్ము దగ్గరో ఆపాలి. మణికట్టు, మోకాలు, చీలమండ వంటి కీళ్ళ వద్ద చట్రం కోసుకుపోతే అంగం తెగినట్లు కనబడుతుంది.

నాలుగవది గీతలు, గుమ్మాలు. పొలం గట్టు, కాలిబాట, ఘాటు మెట్ల వరుస, వసారాలోని స్తంభాల బారు మన చూపును చేయి పట్టి లోపలికి నడిపిస్తాయి. ఆ గీతలు ముఖ్య వస్తువు వద్దకు చేరేటట్లు మీరు నిలబడే తావును ఎంచుకోవాలి. రైలు పట్టాలు కూడా అట్టి గీతలే. కాని వాటి నడుమ నిలబడి ఫోటోలు దిగబోయి ప్రాణాలు పోగొట్టుకొన్నవారు ఉన్నారు. ఆ పనికి ఎన్నడూ పూనుకోవద్దు. ఇక గుమ్మం విషయం. గుమ్మం, కిటికీ, కమాను, చెట్టుకొమ్మల వంపు, ఇవి చట్రంలో మరొక చట్రాన్ని అమర్చిపెడతాయి. చార్మినారుకు ఉత్తరాన ఉన్న చార్‌కమానులో దక్షిణపు కమాను కింద నిలబడి చూస్తే చార్మినారు ఆ కమానులో పటం కట్టినట్లు కనబడుతుంది. అంతదూరం పోనక్కరలేదు. మీ ఇంటి వీధిగుమ్మంలో తాతగారిని కూర్చోబెట్టి చూడండి. చుట్టూ ఉన్న చిందరవందర అంతా ఆ ద్వారబంధం వెనుక దాగిపోతుంది.

ఐదవది వెలుగు. వెలుగు కూడా పొందికలో భాగమే. చిత్రంలో అన్నిటికంటె తెల్లగా వెలిగే చోటికి చూసేవారి కన్ను మొదట పోతుంది. మనిషి నీడలో ఉండి, వెనుక సున్నపు గోడ ఎండలో మెరుస్తుంటే, చూపు గోడ మీదికే పోతుంది. మిట్టమధ్యాహ్నపు ఎండలో కన్నుల గుంటలలోను, ముక్కు కిందను నల్లని నీడలు పడి, నవ్వే ముఖం కూడా అలసినట్లు కనబడుతుంది. పొద్దు పొడిచిన తరువాతి గంట, పొద్దు గూకే ముందటి గంట మంచివి. అప్పుడు వెలుగు ఏటవాలుగా, మెత్తగా వస్తుంది. రాతిచెక్కడపు లోతులు కూడా అప్పుడే పైకి తేలుతాయి. మధ్యాహ్నమే తీయవలసివస్తే మనిషిని వసారాలోకి గాని, కిటికీ పక్కకు గాని తీసుకురండి. పక్కనుంచి వచ్చే కిటికీ వెలుగు ముసలి ముఖంలోని ప్రతి ముడతకూ ఒక గౌరవాన్ని ఇస్తుంది.

ఆరవది మీ కెమేరా ఎత్తు. పిల్లవానిని మన ఎత్తునుంచి తీస్తే నడినెత్తి పెద్దదిగా, పాదాలు చిన్నవిగా పడి, వాడు ఏదో నేరం చేసి నిలబడినట్లు ఉంటాడు. మోకాళ్ళ మీద కూర్చుని వాని కంటికి ఎదురుగా కెమేరాను పట్టుకోండి. మంచం మీద ఉన్న పెద్దవారిని తీయవలసివస్తే మీరూ కూర్చోండి. ఇది కళామర్యాదే గాక మనిషి మర్యాద కూడా. అపరిచితులను తీసేటప్పుడు ముందుగా వారి అనుమతి అడగడం ఈ మర్యాదలోనిదే.

చివరిది సమయం. పొందికను ముందుగా కుదుర్చుకొని, ఆపైన క్షణం కోసం కాచుకొని ఉండాలి. ఫ్రెంచి ఛాయాగ్రాహకుడు హెన్రీ కార్టియే బ్రెసోఁ 1932లో పారిస్ నగరంలోని సెయింట్ లజార్ రైలు స్టేషను వెనుక ఒక చిత్రం తీశాడు. నీటి మడుగును దాటబోయి గాలిలోకి ఎగిరిన మనిషి, అతని మడమ ఇంకా నీటిని తాకలేదు. కింద అతని నీడ అద్దంలోవలె కనబడుతుంది. ఒక్క లిప్త ఆలస్యమైతే ఆ చిత్రం లేదు. తీసిన చిత్రాన్ని తరువాత కత్తిరించడం బ్రెసోఁకు సరిపడదు. అయినా కంచె సందులోనుంచి తీయవలసి వచ్చిన ఆ చిత్రంలో అడ్డుపడిన పలకను తొలగించడానికి అంచు కత్తిరించక తప్పలేదు. కాబట్టి తప్పనిసరి అయినప్పుడు మీరూ కత్తిరించండి. కత్తెర ఉన్నదిగదా అని చూడకుండా తీయవద్దు.

మన హైదరాబాదులో ఆరవ నిజాము మీర్ మహబూబ్ అలీఖాన్ ఆస్థాన ఛాయాగ్రాహకుడైన రాజా దీన్‌దయాళ్ పెద్ద కెమేరాను ముక్కాలిపీట మీద నిలిపి, గాజు పలకల మీద చిత్రాలు తీశాడు. 1844లో పుట్టి 1905లో కీర్తిశేషుడైన ఆయన కాలంలో ఒక్కొక్క పలకా విలువైనదే. ఒక పలకను వాడబోయే ముందు ఎవరు ఎక్కడ కూర్చోవాలి, ఎవరు నిలబడాలి, వెనుక ఏమి ఉండాలి అని ఆలోచించక తప్పదు. మా రీలులో ముప్పయ్యారు ఉండేవి. ఈనాడు ఫోనులో లెక్కలేదు. వేలకొలది తీసినా, చూడకుండా తీసినవి చూడకుండానే ఉండిపోతాయి. పది తీయబోయేచోట ఒక్క నిమిషం ఆగి చూసి రెండు తీయడం మేలు.

ఒక చిన్న సాధన చెప్పి ముగిస్తాను. ఈ ఆదివారం ఉదయం మీ ఇంటిలోని పెద్దవారిని ఒకరిని కిటికీ పక్కనో, వీధిగుమ్మంలోనో కూర్చోబెట్టండి. బిగుసుకొని కూర్చోమనకుండా, రోజూ చేసే పని ఏదైనా చేయమనండి. వారి కంటి ఎత్తుకు మీరు దిగండి. ఒక కన్ను మూసి వెనుక ఏమున్నదో చూడండి. వారు తల ఎత్తి మీతో మాట్లాడే క్షణంలో తీయండి. తీసినదానిని ఫోనులోనే విడిచిపెట్టక కాగితం మీద అచ్చు వేయించండి. ఫోను చిత్రం సాధారణంగా నాలుగుకు మూడు పాళ్ళలో ఉంటుంది. స్టూడియోలో వేసే ఆరు అంగుళాల, నాలుగు అంగుళాల కాగితం మూడుకు రెండు పాళ్ళది. కాగితం నిండా అచ్చు వేస్తే చిత్రాన్ని అడ్డంగా తీసినప్పుడు ఎత్తులో, నిలువుగా తీసినప్పుడు వెడల్పులో తొమ్మిదవ వంతు పోతుంది. అంచులలో ఆ మేరకు చోటు ముందే విడిచిపెట్టుకోండి.

మా అమ్మను నేను ఈ విధంగానే ఒకనాటి ఉదయం వంటింటి గుమ్మంలో తీశాను. ఒడిలో చేట, చేటలో గోంగూర. ఆకు తుంచుతూ ఏదో అడగడానికి తల ఎత్తింది. వెనుక గోదావరి లేదు, వంతెన లేదు, జనం లేరు. ఆ పటాన్ని అచ్చు వేయించి ఇస్తే అమ్మ చాలాసేపు చూసి, “అచ్చం మా అమ్మలాగే ఉన్నానురా” అన్నది. అమ్మమ్మ ముఖాన్ని ఇక నేను చూపగలిగేది ఆ ఒక్క చోటనే.